పూటలు చూసి కొన్న ఫట్‌ఫటి

ఇప్పటి పిల్లలు పొద్దున బండి కొనాలనుకుంటే మాపటికి దాని మీద తిరుగుతున్నారు. మా కాలంలో బండి అంటే ఎడ్లబండే. మోటరు సైకిలును మా బోధన్ దిక్కు పల్లెల్లో ఫట్‌ఫటి అనేవాళ్లం. అది వస్తుంటే మనిషి కంటే ముందు చప్పుడు వచ్చేది, చప్పుడు కంటే ముందు కుక్కలు ఉరికేవి. ఊరికి వచ్చేవి కూడా రెండే, ఒకటి పశువుల డాక్టరుది, ఇంకొకటి చెరుకు తోటలు చూడడానికి చక్కెర ఫ్యాక్టరీ నుంచి వచ్చే సారుది. చొక్కా ప్యాంటులోకి దోపుకునే వాళ్లే దాని మీద కూర్చోవాలని మాకు ఎవరూ చెప్పలేదు కానీ మేమంతా అట్లాగే అనుకునేవాళ్లం. పాలమ్ముకునే ఇంట్లో ఫట్‌ఫటి ఉండాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నాకు వచ్చింది. అప్పటికి నాకు పెళ్లయి కొన్నేళ్లే. సంతకం పెట్టమంటే బొటనవేలు చూపించేదాన్ని (ఈ అక్షరాలు జుట్టు నెరిశాక నేర్చుకున్నవి, అందుకే ఇప్పటికీ కాగితం అవతలికి దిగేటట్టు అదిమి రాస్తాను). చదువు లేకపోయినా పట్టుదల మాత్రం చాలా ఉండేది. "దీనికి ఒకటి తోచిందంటె దేవుడొచ్చి చెప్పినా ఇనది" అని మా అత్త వచ్చిన వాళ్లందరికీ చెప్పేది. అది తిట్టో మెచ్చుకోలో నాకు చాలా కాలం అర్థం కాలేదు.

మా ఇంట్లో బర్రెలుండేవి. మా అమ్మగారు నాకు అరణంగా ఇచ్చిన ఒక్క బర్రెతో మొదలై, దాని బిడ్డలు, బిడ్డల బిడ్డలు, నేను కొని తెచ్చిన వాటితో కొట్టం నిండింది. పాలు పిండేది నేను, సైకిలుకు క్యాన్లు కట్టుకుని ఫ్యాక్టరీ గేటు ఎదురుగా ఉన్న హోటల్లో పోసి వచ్చేది మా ఇంటాయన. ఆయన మనిషి పొట్టి, మాట ఇంకా పొట్టి. ఆ హోటలు సేఠ్ మంచివాడే కానీ పాల దగ్గర మాత్రం కనికరం లేదు. చెరుకు గానుగాట మొదలైతే ఆ గేటు ముందు జాతరే. ఎక్కడెక్కడి నుంచో చెరుకు బండ్లు, లారీలు, మహారాష్ట్ర నుంచి చెరుకు కొట్టడానికి వచ్చిన కూలీలు, అందరికీ చాయ్ కావాలి. ఆ ఏడు సేఠ్ మా ఇంటాయనకు ఖరాఖండిగా చెప్పి పంపించాడు: "సీజన్‌ల పాలు మూడింతలు గావాలె. పొద్దటి సైరన్ కూసేటందుకు ముందే నా భట్టీ మీద ఉండాలె. గంతకుముందొస్తె బేరం నీది, లేకుంటె ఇంకొగని దగ్గర తీసుకుంట. ఎనక నా మీద నారాజ్ గావద్దు."

ఆ ఏడు బర్రెలు వరసగా ఈని పాలకు కొదవ లేదు, కానీ మూడింతల పాలు సైకిలు మీద పోవు. రెండుసార్లు తిరిగితే రెండోసారి పోయేలోపే సైరన్ కూస్తుంది. మా అత్త లెక్క ఆమెది: "ఈ బేరం పోతె అన్ని పాలు మనమేం తాగుతం? బర్రెలనమ్మి, ఉన్న పొలంల చెరుకు పెట్టుకుందం." కొట్టంలో నా బర్రె మెడ నాకుతూ నిలబడ్డ దాని మనవరాలిని చూశాను. వాటిని అంగడికి తోలడం నా వల్ల కాదు. "ఇంకా ఈనని ఒక్క పడ్డనే అమ్ముదం అత్తా. దానికొచ్చిన పైసలల్ల ఫట్‌ఫటి తెద్దం" అన్నాను. మా అత్త చేతిలోని చాట కిందపెట్టి, నాకు జ్వరమేమైనా ఉందా అని నుదురు తాకి చూసింది. మా ఇంటాయన మాత్రం, "నాకు నడపుడు జర వస్తది" అన్నాడు. పశువుల డాక్టరు దగ్గరి కంపౌండరుతో ఆయనకు స్నేహం, వాళ్ల చిన్న ఫట్‌ఫటిని ఊరి బయట అటూ ఇటూ తిప్పడం అప్పుడే కొంచెం నేర్చుకుంటున్నాడట. ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

ముందు నిజామాబాద్‌కు పోయి కొత్త బండ్ల దుకాణంలో అడిగాం. దుకాణపాయన మమ్మల్ని తలుపు దగ్గరే నిలబెట్టి, "పేరు రాసుకుంటా. బండి వచ్చేసరికి మీకు పిల్లలు పుట్టి బడికి పోతుంటారు" అన్నాడు. ఆ రోజుల్లో కొత్త బండికి అంత కాచుకోవాలి. అయినా పడ్డను అమ్మిన పైసలకు ఆ దుకాణంలో ముందు చక్రం ఒక్కటే ఇచ్చేవారేమో. కాబట్టి ఎవరైనా వాడి అమ్మేది చూసుకోవాలి. వాడిన ఫట్‌ఫటి మంచిదో చెడ్డదో మాకేం తెలుసు? తెలిసినవాడు కావాలి. మాకు తెలిసిన తెలిసినవాడు ఒక్కడే, మా ఇంటాయనకు చిన్నాయన, నాకు చిన్నమామ. ఆయన అంగట్లో పశువుల దళారి. జీవితమంతా ఎడ్ల పళ్లు, బర్రెల పొదుగులు చూసిన మనిషి. "గొడ్డైతేంది, ఫట్‌ఫటైతేంది, కొనుడు ఒక్కటే. తిని పని చేసేదే గదా అది గూడ" అని తువ్వాల భుజాన వేసుకుని బయలుదేరాడు. నాకు ఆ మాట చాలా నచ్చింది. ఫట్‌ఫటి సంగతి నాకు తెలియదు కానీ బర్రెను కొనడంలో నన్ను మోసం చేసేవాడు ఆ చుట్టుపక్కల లేడు.

మొదట జక్రాన్‌పల్లిలో ఒక రైస్ మిల్లు గుమస్తా దగ్గర చిన్న బండి చూశాం. సన్నటి ఒళ్లు, సన్నటి చక్రాలు, కిక్కు కొడితే దగ్గినట్టు చప్పుడు. మా ఇంటాయన దాని మీద కూర్చుని కాళ్లు రెండూ నేలకు ఆనించి, చేతులు హ్యాండిలు మీద పెట్టి, పెళ్లి రోజు కూడా లేనంత వెలుగు ముఖంలో తెచ్చుకున్నాడు. నేను ఆ ముఖాన్ని పట్టించుకోలేదు, బండి నడుము చూస్తున్నాను. "గిది బక్కది మామా. మూడింతల పాలు మోస్తదా? ఎనక క్యాన్లు కడితె ముందట లేస్తది" అన్నాను. చిన్నమామ దాని చుట్టూ తిరిగి, సీటును రెండు చేతులతో అదిమి, "పక్కటెముకలు గానొస్తున్నయి. ఇది ఒంటి మనిషికి" అని తేల్చేశాడు. మా ఇంటాయన మెల్లగా దిగాడు. దిగేముందు ఇంకోసారి కాళ్లు నేలకు ఆనించి చూసుకున్నాడని నాకు ఇప్పుడు గుర్తుకొస్తుంది.

తర్వాత మోర్తాడ్‌లో పసుపు సావుకారి బండి. కుంకుమ రంగు, అద్దంలాగా మెరుపు. ఒక్క కిక్కుకే ఖంగున లేచింది. మా ఇంటాయన "బాగున్నది" అన్నాడు, ఆయన అంత మాట అనడమే ఎక్కువ. కానీ నాకు అనుమానం వచ్చింది. బర్రెను అమ్మేవాళ్లు ముందు పూట పిండకుండా ఆపి, పొదుగు బిర్రుగా కనపడేటట్టు చేసి చూపిస్తారు. అందుకే మా దిక్కు బర్రెను కొనేటప్పుడు ఒక్కసారి చూసి పైసలివ్వరు. అమ్మేవాళ్ల ఇంట్లోనే ఉండి మాపటి పూట, పొద్దటి పూట, మళ్లీ మాపటి పూట ఎదురుగా పిండి చూశాకే బేరం. దీన్నే పూట చూడడం అంటాం. నేను కొంగు పక్కకు జరిపి బండి ఇంజను మీద అరచేయి పెట్టాను. చురుక్కుమని కాలింది.

"ఏం సావుకారీ, మేం రాకముందే తిప్పి పెట్టినవా?" అన్నాడు చిన్నమామ.

"ఇప్పుడే పసుపు అంగడికి పోయొచ్చిన గదా."

"మరి చక్రాలకు దుమ్ము లేదేంది?" అన్నాను నేను.

సావుకారి నన్ను చూడకుండా చిన్నమామతో, "ఆడామె నడుపుతదా ఏంది, గిన్ని అడుగుతున్నది?" అన్నాడు. "రేపు తెల్లారంగ వస్తం, ఒళ్లు చల్లగున్నప్పుడు కిక్కు కొట్టి సూపియ్యి" అని చిన్నమామ అంటే, "ఇష్టముంటె తీస్కోండ్రి, లేకుంటె తొవ్వ పట్టుండ్రి" అన్నాడు. తొవ్వ పట్టాం. బస్సులో నేను చాలా గర్వంగా కూర్చున్నాను. నా అరచేతిలో బొబ్బ లేచింది కానీ ఎవరికీ చూపించలేదు.

గానుగాట దగ్గరికొచ్చేసింది. ఫ్యాక్టరీ పొగగొట్టం కడుగుతున్నారని మా ఇంటాయన రోజూ కబురు తెస్తున్నాడు. అప్పుడు తగిలింది నిజామాబాద్‌లో ఓవర్సీరు సారు బండి. సారుకు దూరం బదిలీ అయ్యింది, బండిని అంత దూరం తీసుకుపోలేడు. నల్లగా, నిండుగా, కొమ్ములు తిరిగిన దున్నపోతు లాగా వాకిట్లో నిలబడి ఉంది. ఒకప్పుడు మిలిటరీలో తిరిగిందట. కిక్కు కొడితే ఎదురింటి రేకులు అదిరాయి. చిన్నమామకు, నాకు ఒకేసారి ప్రాణం లేచి వచ్చింది. "ఎముక సూడు పొల్లా, ఎముక! గిది మోస్తది" అని దాని వెనక చక్రం మీద ఆప్యాయంగా చరిచాడు. సారు ఆంధ్రా వైపు మనిషి, తాటిచెట్టంత పొడుగు, నవ్వు ముఖం. పూట చూడాలని మేమంటే ఆయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇంట్లోకి వినపడేట్టు, "ఏమేవ్, వీళ్లు మన మోటారు సైకిల్ని పిండి చూసుకుంటారట!" అని అరిచాడు. ఆమె నవ్వుతూ వచ్చి మాకు చాప వేసింది. మాపటి పూట చూశాం. ఆ రాత్రి వాళ్ల అరుగు మీదే పడుకున్నాం. తెల్లవారి మంచు పడి బండి ఒళ్లు చల్లగా ఉన్నప్పుడు నేను మళ్లీ అరచేయి పెట్టి చూశాను (ఈసారి ఎడమ చేయి), సారు కిక్కు కొట్టాడు, లేచింది. చిన్నమామను వెనక కూర్చోబెట్టుకుని బజారంతా తిప్పాడు. మళ్లీ మాపటి పూట. మూడు పూటలా అదే చప్పుడు, అదే బలం.

ఇక బేరం. చిన్నమామ సారు పక్కకు పోయి, తన తువ్వాల తీసి సారు చేతి మీద కప్పి, దాని కిందికి తన చేయి పోనిచ్చి వేళ్లు పట్టుకున్నాడు. అంగట్లో బేరం అట్లాగే జరుగుతుంది. వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు, పక్కవాడికి తెలియకూడదు. సారు ఒక్క గంతు వేసి వెనక్కు జరిగాడు.

"ఇదేమిటయ్యా, చెయ్యెందుకు పట్టుకుంటున్నావు?"

"గట్టిగంటె నలుగురింటరు సార్."

అక్కడ మేము తప్ప ఉన్నది వాళ్లావిడ ఒక్కతే. ఆమె కొంగు నోట్లో పెట్టుకుని లోపలికి పరిగెత్తింది. చివరికి నోటితోనే చెప్పుకున్నారు, పడ్డ పైసలకే బేరం తెగింది. సారు కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేనే మీ ఊరిదాకా దింపి వస్తాను, దాని మీద నాకదే ఆఖరి సవారీ" అని మా ఇంటాయనను వెనక కూర్చోబెట్టుకుని డగ్‌డగ్‌మని బయలుదేరాడు. మేం బస్సులో వచ్చేసరికి బండి మా వాకిట్లో ఉంది, సారు తిరుగు బస్సు ఎక్కేశాడు.

మా అత్త పసుపు కుంకుమ పెట్టింది, హ్యాండిలుకు నల్ల దారం కట్టి గవ్వ వేలాడదీసింది, కొత్త గొడ్డు ఇల్లు సొచ్చినట్టే దిష్టి తీసింది. మా వాడ జనమంతా చేరారు. "ఎక్కురా" అన్నాడు చిన్నమామ. మా ఇంటాయన ఎక్కాడు. ఎక్కి కూర్చున్నాక ఆయన రెండు కాళ్లూ గాలిలో ఊగాయి. ఉయ్యాలలో కూర్చున్నట్టు ఊగాయి. ఎడమకు వంగితే కుడి కాలు ఆకాశానికి, కుడికి వంగితే ఎడమ కాలు ఆకాశానికి. బండి మెల్లగా, ఎంతో మర్యాదగా పక్కకు ఒరిగి, ఆయనతో సహా పేడకుప్పలో పడుకుంది.

అప్పుడు నాకు వెలిగింది. బర్రెను పూట చూసేటప్పుడు పిండేది అమ్మేవాళ్లు కాదు, కొనేవాళ్ల ఇంటి ఆడమనిషి. కొత్త చేతికి బర్రె చేపుతుందో లేదో, తంతుందో ఊరుకుంటుందో, రేపు ఎవరు పిండాలో వాళ్లే పిండి చూసుకోవాలి. అన్ని బర్రెలనూ నేనట్లాగే కొన్నాను. ఈ ఫట్‌ఫటికి ఆచారమంతా తు.చ. తప్పకుండా జరిపి, నడిపేవాడిని దాని మీద కూర్చోబెట్టడం ఒక్కటే మరిచాం. "నీకన్న తెలుస్తలేదా? ఒక్క మాట అనొద్దా?" అని నేను మీద పడితే, మా ఇంటాయన పేడ దులుపుకుంటూ, "నన్నెవలడిగిండ్రు? మీరు బర్రెను సూస్తున్నరు, నేనూ సూస్తున్న" అన్నాడు.

ఇంకొక బండికి పైసలు లేవు, సారు ఊళ్లో లేడు, గానుగాట మొదలు కావడానికి వారం కూడా లేదు. కమ్మరి మూడింతల పాలు పట్టేటట్టు వెనక ఇనుప క్యారియరు కట్టి, రెండు పక్కలా క్యాన్లకు కొక్కాలు పెట్టాడు. ముందు సీటు స్ప్రింగులను కోయించుదామంటే, చప్పుడు మారుతుందని చిన్నమామ ఒప్పుకోలేదు. ఆయనే ఒక ఉపాయం చేసి, మా ఇంటాయన చెప్పులకు కింద చెక్కలు కొట్టించాడు. ఆ చెప్పులతో గేరు దొరకలేదు. పోతున్నంతసేపు బాగానే ఉండేది, మా ఇంటాయన బాగానే నడిపేవాడు. ఆగడమే కష్టం. ఎడమ పక్కన ఎత్తు ఉన్నచోటే ఆగాలి. అందుకని మా ఊరి నుంచి ఫ్యాక్టరీ దాకా ఉన్న మైలురాళ్లు, మోరీ వంతెనల గోడలు, ఇళ్ల అరుగులు అన్నీ ఆయనకు కంఠతా వచ్చాయి. ఎవరైనా తొవ్వలో పలకరిస్తే, "మోరీ కాడికి రా, మాట్లాడుదం" అని అరుస్తూ పోయేవాడు.

గానుగాట మొదలైన పొద్దు రైలు గేటు పడింది. గేటు ముందు చెరుకు బండ్ల వరస. అక్కడ మైలురాయి లేదు, మోరీ లేదు. మా ఇంటాయన ఒక చెరుకు బండి చక్రం మీద కాలు పెట్టి ఆగాడు. గేటు లేచింది, ఆ చెరుకు బండి కదిలింది, చక్రంతో పాటు ఆయన కాలు తిరిగింది. పాలన్నీ పట్టాల పక్కన పారాయి. సేఠ్ దగ్గరికి ఖాళీ క్యాన్లతో పోతే, "అరె భాయీ, సైరన్ ఎప్పుడో కూసింది. నువ్వు పాలు పోస్తవా, రోడ్డు కడుగుతవా? ఒక్క దినం ఆగుత. రేపు గూడ రాకుంటె ఖతం" అన్నాడట.

ఇంటికొచ్చి ఆయన గడప మీద కూర్చుని మోచేతికి పసుపు రాసుకున్నాడు. మా అత్త కొట్టం దిక్కు చూసి, "అంగడి ఏ వారం?" అంది. చాలా మెల్లగా అంది. ఆ మెల్లదనానికే నాకు ఒళ్లు మండింది.

"రేపు నేనెనక కూసుంట" అన్నాను. "ఆయన నడపనీ. ఆగినకాడ నేను కాళ్లు దించుత."

మా పుట్టింట్లో అందరం పొడుగు. ఆయన నా భుజం దాకా వస్తాడు (పెళ్లిలో ఆయనను పీట మీద నిలబెట్టారు, ఆ ముచ్చట ఇప్పుడొద్దు). క్యారియరు ముందు సీటు కంటే జానెడు కిందికి ఉంటుంది. అప్పట్లో మేం కట్టేది గోచి చీర, రెండు పక్కలా కాళ్లు వేసి కూర్చోవడానికి ఏ అడ్డమూ లేదు.

"నువ్వెనక కూసుంటె అందరు నవ్వరా?" అన్నాడు మా ఇంటాయన.

"కిందపడితె నవ్వుతలేరా ఇప్పుడు?" అంది మా అత్త. నా కాపురంలో ఆమె నా దిక్కు మాట్లాడడం అదే మొదటిసారి.

తెల్లారకముందే పిండి, క్యాన్లు కట్టి, గోనెసంచి మడతబెట్టి క్యారియరు మీద వేసుకుని కూర్చున్నాను. ఆయన "ఎత్తు" అన్నాడు, కాళ్లెత్తాను. భూమి నా కింద నుంచి వెనక్కు పోతుంటే నాకు భయం కాలేదంటే అబద్ధం. ఆయన నడుము పట్టుకోవాలంటే సిగ్గు, పట్టుకోకపోతే భయం. మొదటి మలుపు దాకా సిగ్గు గెలిచింది, ఆ తర్వాత మళ్లీ గెలవలేదు. రైలు గేటు పడే ఉంది. "దించు!" అని అరిచాడు. రెండు కాళ్లూ దించి మడమలు నేలలోకి పాతాను. అంత బరువూ ఒక్కసారి నా మోకాళ్ల మీదికి వచ్చింది, ఊగింది, నిలబడింది. నిలబడింది! పక్కన చెరుకు బండి మీది మనిషి గొంగడిలోంచి తల బయటపెట్టి, "ఓ అన్నా, ఫట్‌ఫటికి కాళ్లు మొలిచినయేందే?" అన్నాడు. వరసంతా నవ్వింది. మా ఇంటాయన, ఎప్పుడూ మాట్లాడని మనిషి, వెనక్కు తిరగకుండానే, "మొలిచినయి. నీ బండికి లెవ్వు" అన్నాడు.

గేటు లేచింది. "ఎత్తు!" ఫ్యాక్టరీ పొగ కనపడింది, బెల్లం వాసన వచ్చింది, హోటలు కనపడింది. "దించు!" ఆయన దూకి ఒక క్యాను విప్పి లోపలికి పరిగెత్తాడు, రెండోది విప్పేలోపు సైరన్ కూసింది. సేఠ్ గల్లా వెనక నుంచి వేలెత్తి, "కూసింది, కూసింది!" అన్నాడు. నేను బండి మీది నుంచే అరిచాను: "కూత సురువైనప్పుడు మొదటి క్యాను నీ గడప లోపలున్నది సేఠ్! రెండోది దాని ఎంబడే ఉన్నది. ఒక్క కొట్టం పాలే అవి, నువ్వెట్ల పంచుతవ్?" చాయ్ తాగుతున్న కూలీలంతా గ్లాసులు పట్టుకుని బయటికొచ్చారు. సేఠ్ కూడా వచ్చాడు. నన్ను, బండిని, నేల మీది నా కాళ్లను చూసి, "తగాద ఆడేదుంటె దిగి లోపటికి రా అమ్మా" అన్నాడు.

"దిగితె ఇది పడ్తది సేఠ్."

 ఆయన లోపలికి పోయి, ఒక మలాయి చాయ్ తెచ్చి నా చేతికిచ్చాడు. "రోజు గిట్లనే తెస్తరా?" అన్నాడు. "సీజనంత" అన్నాను. గానుగాట ఆగిపోయే దాకా ఒక్క పొద్దు కూడా పాలు తప్పలేదు. కొట్టంలో ఇంకొక్క తాడు కూడా ఖాళీ కాలేదు. రోజూ నా చాయ్ మాత్రం బండి మీదికే వచ్చేది.

సీజను అయిపోయాక చేతిలో నాలుగు పైసలు ఆడాయి. నా తప్పు నేను దిద్దుకోవాలి కదా అని, ఈ దున్నపోతును అమ్మి ఆయన కాళ్లకు అందే బండి కొందామని నేనే అన్నాను. జక్రాన్‌పల్లి గుమస్తా బండి ఇంకా అమ్ముడుపోలేదని చిన్నమామ కబురు తెచ్చాడు. ముగ్గురం పోయాం. ఈసారి నేను ఇంజను మీద చేయి పెట్టలేదు, నడుము చూడలేదు, ముందు ఆయననే కూర్చోబెట్టాను. కాళ్లు రెండూ నేలకు చక్కగా ఆనాయి. ఊరి బయటిదాకా ఒక్కడే పోయి వచ్చాడు, ఎక్కడ ఆపాలంటే అక్కడ ఆపాడు. చిన్నమామ అప్పుడే తువ్వాల తీస్తున్నాడు.

"ఎట్లున్నది?" అన్నాను.

"మంచిగున్నది. కాళ్లందుతున్నయి." దిగి, చేతులు దులుపుకుని, చెట్ల దిక్కు చూస్తూ, "ఎనక సీటే జర చిన్నగున్నది" అన్నాడు.

తిరుగు బస్సులో చిన్నమామ బోధన్ వచ్చేదాకా మమ్మల్ని తిడుతూనే ఉన్నాడు. ఇద్దరం కిటికీ నుంచి బయటికి చూస్తూ కూర్చున్నాం.

ఇప్పుడు ఆయన లేడు. నన్ను ఎక్కడికన్నా తీసుకుపోవాలంటే మనవరాలు తన స్కూటీ మీద తీసుకుపోతుంది. బొమ్మంత బండి, చప్పుడు కూడా ఉండదు. కానీ రైలు గేటు పడి బండి ఆగిందంటే చాలు, నాకు తెలియకుండానే నా రెండు కాళ్లూ కిందికి దిగి నేలను పట్టుకుంటాయి. "అవ్వా, కాళ్లెత్తు, నేను పట్టుకున్న గదా" అంటుంది పిల్ల. ఎత్తుతాను. మోకాళ్లు కలుక్కుమంటాయి. ఈ కాళ్లు దించకపోతే బండి పడిపోతుందని అనుకుంటున్న ఆ వెర్రి పొడుగుదాన్ని తలుచుకుని నవ్వుకుంటాను. రైలు పోయేదాకా నవ్వుకోవడానికి సమయం బాగానే దొరుకుతుంది.